కొల్లేటి కాలువలో చేప ఎందుకు తేలింది: ఒక లంక గ్రామం కేస్ స్టడీ

కొల్లేరు లోపలి ఒక లంక గ్రామంలో ఏటా తొలకరి వానలు పడ్డ కొద్ది రోజులకే కాలువలో చేపలు చచ్చి తేలేవి. చెరువుల్లో పెంచే చేపలు కావవి, వలకూ, మావు అనే వెదురు ఉచ్చుకూ పడే నాటు చేపలు. వలవేట మీద బతికే కుటుంబాలకు కొత్త నీటికి చేప ఎదురెక్కే ఆ రోజులే పెద్ద రాబడి. సరిగ్గా అప్పుడే చేప పోయేది.

కారణం అడిగితే ఊళ్ళో వాళ్ళు పట్నం మురుగు అనేవారు. పట్నంలో అడిగితే చేపల చెరువులు అనేవారు. చెరువుల లీజుదారులు గుర్రపుడెక్కను చూపించేవారు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. ఎవరి వాటా ఎంతో తేల్చమని ఊరి జాలర్ల సంఘం అడిగింది. చెరువులకు నీటి పరీక్షలు చేసి సలహా ఇవ్వడం నా పని. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. అభయారణ్యంలో చెరువుల గురించి ఎవరు ఏం మాట్లాడినా అది కేసుల దాకా వెళ్ళే వ్యవహారం.

నీరు ఎటు నుంచి ఎటు

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం. విజయవాడ వైపు నుంచి బుడమేరు, ఏలూరు పక్కనుంచి తమ్మిలేరు, వాటితో పాటు రామిలేరు, గుండేరు, పదుల సంఖ్యలో మురుగు కాలువలు అందులోకి దిగుతాయి. బయటికి పోవడానికి దారి ఒక్కటే, ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరుగుతూ సముద్రానికి చేరుతుంది. లోపలికి ఇన్ని దారులు, బయటికి ఒక్కటి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు కూడా చివరికి రావలసింది ఇక్కడికే.

1999లో ఐదడుగుల కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా ఉన్న 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002 ఆగస్టులో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. కాంటూరును ఇక్కడ అందరూ ‘ప్లస్ ఫైవ్’ అంటారు. ఆ గీత లోపల చేపల చెరువులు నిషేధం. బడికి వెళ్ళే పిల్లలకు కూడా ఆ గీత ఎక్కడుందో తెలుసు, ఎందుకంటే ఇంట్లో అప్పుల లెక్క దాన్నిబట్టే మారుతుంది.

లోతు ఎక్కడా పెద్దగా ఉండదు. కొల్లేరు విశాలమైన పళ్ళెం లాంటిది: అడుగు నీరు పెరిగితే మైళ్ళ కొద్దీ పరుచుకుంటుంది, అడుగు తగ్గితే మైళ్ళ కొద్దీ బీడు బయటపడుతుంది. ఈ కేసులో మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది. లోతైన సరస్సులో గట్టు వేస్తే ఒక మూల ఆక్రమించినట్టు. లోతులేని చోట నాలుగడుగుల గట్టు వేసినా నీటి నడకే మారిపోతుంది.

పాత బతుకు, కొత్త బతుకు

లంకల్లో ఎక్కువమంది వడ్డి కులం జాలర్లు, తర్వాత దళిత కుటుంబాలు. పాత రోజుల్లో వాళ్ళ ఏడాది నీటి మట్టంతో నడిచేది. వర్షాకాలంలో వల, వెదురు మావు, తాటి దోనె. నీరు తీసే కాలంలో బయటపడ్డ నేలలో వరి. మధ్యలో బాతులు, ఇంటి కప్పుకు కిక్కిస గడ్డి. కిక్కిస కోయడం సరస్సుకు కూడా మంచిదే. మొక్క పీల్చుకున్న పోషకాలు కోతతో ఒడ్డెక్కుతాయి. చేప పట్టుకున్నా అంతే, నీటిలోంచి కొంత నత్రజని, కొంత భాస్వరం బయటికి వస్తుంది. ఆ బతుకులో మనిషి సరస్సులో వేసేది తక్కువ, తీసేది ఎక్కువ. అది స్వర్ణయుగం అని చెప్పడం లేదు. వరదొస్తే వరి పోయేది, ఎండొస్తే చేప పోయేది, రెండు కాలాల్లోనూ అప్పు మాత్రం మిగిలేది. 1964 వరదలు, 1969 తుఫాను గురించి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

1970ల మధ్యలో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి, సరస్సు గర్భంలో చేపల చెరువులు తవ్వించింది. ఈ సంగతి మర్చిపోయి ‘ఆక్రమణదారులు’ అనేస్తే లంకవాసులకు కోపం రావడంలో అన్యాయం లేదు. మొదటి గట్టు వాళ్ళు దొంగతనంగా వేసింది కాదు. ఆ తర్వాత పెట్టుబడి పెద్దదైంది. సంఘం సభ్యుడికి తవుడు కొనే స్తోమత లేక చెరువును బయటి వ్యక్తికి లీజుకు ఇచ్చాడు. తన చెరువు గట్టు మీదే కాపలాదారుగా జీతానికి కుదిరాడు. 1990లు దాటేసరికి సంఘం చెరువులు, డి-ఫారం పట్టాలు (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూములు), జిరాయితీ (సొంత పట్టా) భూములు అన్నీ కలగలిసి గట్లే గట్లు. 2000 తర్వాతి ఉపగ్రహ చిత్రాల్లో సరస్సు విస్తీర్ణంలో 40 శాతానికి పైగా చెరువులే కనిపించాయి.

2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో గట్లు పేల్చారు. 2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడడుగుల కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ 2011లో దాన్ని సమర్థించలేదు. ఈలోగా చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి.

సంచిలో తవుడు ఏమవుతుంది

కొల్లేటి చెరువులో మేత వేసే పద్ధతి చూడనివాళ్ళకు వింతగా ఉంటుంది. ఎరువుల సంచులకు అడుగున చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, నీటిలో వరసగా పాతిన వెదుళ్ళకు కడతారు. పొద్దున్నే పడవ మీద వెళ్ళి సంచుల్లో తవుడు నింపుతారు. శీలావతి, బొచ్చె వచ్చి రంధ్రాల దగ్గర మూతి పెట్టి లాక్కుంటాయి. సంచి ఖాళీ అయిందా లేదా చూసి మర్నాటి మేత నిర్ణయిస్తారు. ఖర్చు లేని, తెలివైన పద్ధతి. మేత వెదజల్లడంతో పోలిస్తే వృథా తక్కువ.

అయినా లెక్క వేసి చూడండి. నూనె తీసిన తవుడులో, అంటే రైతులు డీఓబీ అనేదానిలో, మాంసకృత్తులు 15 శాతం అనుకుందాం. టన్నుకు 150 కిలోలు. అందులో నత్రజని 24 కిలోలు. మేతలోని నత్రజనిలో చేప ఒంట్లో చేరేది సుమారు నాలుగో వంతు. మిగతా 18 కిలోలు నీటిలోకి, అడుగు బురదలోకి పోతాయి. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని దాదాపు 21 కిలోలు. టన్ను తవుడుకు దాదాపు ఒక యూరియా బస్తా చెరువులో కలిసినట్టన్నమాట. ఒక టన్ను చేప తీయడానికి రెండు టన్నులకు పైగానే మేత పడుతుంది. దీనికి కోళ్ళ ఎరువు, సూపర్ ఫాస్ఫేట్ అదనం. కొన్నిచోట్ల నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌కు కోడి వ్యర్థాలు వేసే దందా ఉంది. దాని జోలికి ఇక్కడ వెళ్ళడం లేదు, ఈ ఊళ్ళో అది లేదు.

మందుల సంగతి మాత్రం వదలకూడదు. చేపకు పేను పడితే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటివి కొడతారు. పేను రొయ్య జాతి జీవి. నీటిలో పచ్చని నాచును తినే సూక్ష్మజీవులు చాలావరకు అదే జాతికి దగ్గరివి. పేనుకు కొట్టిన మందు వాటినీ తీసుకుపోతుంది. వారం తిరక్కుండా నీరు చిక్కని ఆకుపచ్చగా మారుతుంది. రైతు దాన్ని వేరే జబ్బు అనుకుని ఇంకో మందు కొంటాడు. అమ్మేవాడికి ఇది బాగా తెలుసని నా అనుమానం.

చచ్చిన చేప ఏం చెప్పింది

మొదట తేల్చవలసింది విషమా, ఊపిరా అన్నది. పరికరం కంటే ముందు చచ్చిన చేపల జాబితా దారి చూపింది. చచ్చినవి జెల్లలు, వాలుగలు, పరిగెలు. కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి చావలేదు. ఈ నాలుగూ నీటిపైకి వచ్చి గాలి పీల్చుకోగలవు. కాలువ రొయ్యలు చావకుండా ఒడ్డుకు పాకి వచ్చాయి, పిల్లలు చేతులతో ఏరుకున్నారు. పురుగుమందు దిగి ఉంటే చేప కంటే ముందు రొయ్య పోవాలి. కాబట్టి ఇది విషం పని కాదు, నీటిలో ఆక్సిజన్ అయిపోవడం.

ఆక్సిజన్ కొలిచే వేళ గురించి ఒక మాట. నీటి నమూనాలు మామూలుగా పగలు తీస్తారు, వాహనాలూ సిబ్బందీ బయల్దేరేది అప్పుడే కాబట్టి. నాచు ఎక్కువున్న నీటిలో మధ్యాహ్నం ఆక్సిజన్ పుష్కలంగా ఉంటుంది, ఎండలో నాచు తయారు చేస్తుంది. రాత్రంతా అదే నాచు ఆక్సిజన్ వాడుకుంటుంది. తెల్లవారేసరికి అడుగంటుతుంది. ‘మధ్యాహ్నం వచ్చి చూస్తే ఏం కనపడుద్ది బాబూ, కోడి కూసేటప్పుడు రా’ అని ఒక పెద్దాయన అన్నది శాస్త్రం ప్రకారం కూడా అక్షరాలా సరైనది. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే చేప హాయిగా ఉంటుంది. 3 కంటే దిగితే ఇబ్బంది పడుతుంది. అందుకే వేకువజామునే కొలిచాం. పై నుంచి కిందికి వరసగా: మురుగు కాలువ కలిసే చోటు, చెరువుల గుంపుకు ముందు, గుంపు తర్వాత, గుర్రపుడెక్క కింద, ఊరి రేవు దగ్గర.

పట్నం మురుగు కలిసే చోట నీరు బాగోలేదు, అది అందరికీ తెలిసిందే. కానీ అక్కడి నుంచి చెరువుల గుంపు దాకా కాలువ వెడల్పుగా, రెండు వైపులా కిక్కిసతో ఉంది. ఆ దారిలో నీరు కొంత కోలుకుంది. మళ్ళీ పడిపోయింది చెరువుల గుంపు దాటాకే. ఏటా చేప తేలే రోజులు కూడా దానికే సరిపోయాయి. వేసవి చివర పట్టుబడి అయ్యాక చెరువులు తోడతారు. పై నీరు ఫరవాలేదు. అడుగున మిగిలే అడుగు, అడుగున్నర నీరు నల్లగా ఉంటుంది, వలలు ఈడ్చి బురద కలిపేసి ఉంటుంది. అందులో ఏడాది తవుడు అవశేషం ఉంటుంది. లీజుదారుకు తొందర, కొత్త పిల్ల వేయాలి. ఆ నల్లనీరు తొలకరికి అటూ ఇటుగా ఒకేసారి కాలువలో పడుతుంది. ఆ రోజుల్లో మబ్బు ఉంటుంది కనుక నాచు ఆక్సిజన్ తయారు చేయలేదు. కాలువ మీద గుర్రపుడెక్క దుప్పటిలా కప్పేసి ఉంటే గాలి నుంచి కూడా దిగదు. మూడూ కలిసి ఒకే రాత్రి మీద పడతాయి.

ఇంతవరకు ఎవరైనా ఊహించగలిగేదే. కానీ అంతే నల్లనీరు పక్క లంక దగ్గర కూడా కాలువలో పడుతోంది, అక్కడ చేప చావలేదు. రెండు ఊళ్ళ తేడా చూస్తే దొరికింది ఒక గట్టు. 2006లో పేల్చిన పాత చెరువు గట్టు. పేల్చినప్పుడు గండి పడింది కానీ మట్టి తీయలేదు. ఆ మట్టి కాలువకు అడ్డంగా కూర్చుంది, పైన తూటి మొలిచింది, వేసవి మట్టంలో నీరు దాన్ని దాటదు. దాంతో ఊరి ముందు కాలువ నడవని నీరు. పక్క లంక దగ్గర నల్లనీరు రోజులోపే పెద్ద నీటిలో కలిసి పలచబడేది. ఇక్కడ కదలకుండా నిలబడింది.

నా అభిప్రాయం ఇక్కడే కుదురుకుంది. కొల్లేటి మీద బతుకు చేసే హానిలో మేత కంటే గట్టు పెద్దది. మేత తగ్గించవచ్చు, పద్ధతి మార్చవచ్చు, నీరు నడుస్తుంటే సరస్సు కొంత తానే అరిగించుకుంటుంది. నడక ఆగిన చోట తక్కువ మేతకే కుళ్ళుతుంది. మత్స్య శాఖ వాళ్ళతో, పర్యావరణం వాళ్ళతో మాట్లాడినప్పుడు చర్చ మొత్తం ఎరువులు, మందుల చుట్టూ తిరుగుతుంది. మట్టి ఎత్తు గురించి ఎవరూ అడగరు.

చేసిన పని

చట్టవిరుద్ధమైన చెరువుకు నీళ్ళు తోడే పద్ధతి నేర్పడమేమిటని తోటివాళ్ళు కొందరు నిలదీశారు. సరైన ప్రశ్నే. నా లెక్కలో ఆ కాలువ నీటిలో వల వేసే కుటుంబం ముందు. కోర్టులో తేలేదాకా మోటారు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళతోనే మాట్లాడాలి.

చెరువుల విషయంలో అడిగింది మూడే. తోడే పని వానలకు ముందే, మే మధ్యకల్లా ముగించాలి. పక్కపక్క చెరువులు ఒకే వారంలో తోడకూడదు. అడుగు నల్లనీరు కాలువలోకి వదలకూడదు, చెరువులోనే ఎండనివ్వాలి, లేదా గుంపులో పాడుబడ్డ ఒక చెరువులోకి మళ్ళించాలి. ఆ పాడు చెరువులో కిక్కిస దట్టంగా పెరిగి ఉంది, దాన్ని కొట్టేయకుండా వదిలేశాం. నీరు అందులో నిలిచి, బురద దిగి, పలచగా బయటికి వస్తుంది. మొదటి రెండూ లీజుదారులు ఒప్పుకున్నారు. మే నెల ఎండకు చెరువు అడుగు నెర్రెలిచ్చేలా ఎండితే వచ్చే పంటలో జబ్బు తగ్గుతుందని వాళ్ళకూ తెలుసు. మూడోదానికి డీజిల్ ఖర్చు అడ్డొచ్చింది.

గుర్రపుడెక్కను మొత్తం తీసేయాలని ఊళ్ళో పట్టుబట్టారు. వద్దన్నాను. మొత్తం తీస్తే మూడు నెలల్లో మళ్ళీ అంతే పెరుగుతుంది, కూలి దండగ. కాలువ మధ్యలో పడవ దారంత వెడల్పున మాత్రమే లాగి, తీసింది గట్టెక్కించి ఎండబెట్టారు. నీటిలోనే కుళ్ళబెడితే తీసిన ప్రయోజనం పోతుంది.

గట్టు మట్టి తీయడం అన్నిటికన్నా చిన్న పని, అన్నిటికన్నా కష్టమైంది కూడా. పొక్లెయిన్‌కు ఒక పూట పని. కానీ అభయారణ్యంలో అనుమతి లేకుండా పార పట్టకూడదు. మట్టి తీస్తామంటే గట్టు వేస్తారేమోనన్న అనుమానం రావడం సహజం, గతం అలాంటిది. తీసిన మట్టి ఎక్కడ పోస్తారో ముందే రాసిచ్చి, అనుమతి తీసుకుని, మరుసటి వేసవిలో అడ్డం తీశారు.

ఫలితం

తోడకం ముందుకు జరిపిన ఏడాది చేప చావు తగ్గింది, ఆగలేదు. అడ్డం తీశాక తొలకరికి ఊరి ముందు కాలువలో నీరు కదిలింది. వేకువ కొలతలు పక్క లంకతో సమానం కాకపోయినా దగ్గరకొచ్చాయి. జెల్లలు బతికాయి. వలవేట కుటుంబాలు తొలకరి చేప అమ్ముకున్నాయి.

మారనివి ఉన్నాయి. ఊళ్ళో ఇప్పటికీ తాగేది క్యాన్ నీళ్ళే. వేసవిలో పై నుంచి మంచినీరు తగ్గితే ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పు లోపలికి ఎక్కుతుంది. దాన్ని ఆపడానికి రెగ్యులేటర్లు కట్టాలన్న మాట ఎప్పటినుంచో ఉంది. ఒక ఊరి కాలువలో చేసిన పని దాన్ని ఏమీ చేయలేదు. పట్నం మురుగు కూడా అలాగే వస్తోంది.

ఇక లీజు. చెరువు ఏడాదికో రెండేళ్ళకో చేతులు మారుతుంది. మొదట ఒప్పుకున్న లీజుదారుల్లో ఒకరు వెళ్ళిపోయారు, కొత్తగా వచ్చినాయనకు ఈ షరతులేవీ తెలియవు. లీజు కాగితంలో రాయించమన్నాను. పెద్దలు నవ్వారు. అభయారణ్యంలో చెరువు లేనట్టే లెక్క, లేని చెరువుకు చెల్లే కాగితం ఎక్కడిది? షరతు తప్పితే ఏ ఆఫీసుకు వెళ్తారు? చెరువులను నిషేధించిన చట్టమే వాటి నల్లనీటికి నియమం పెట్టే దారి కూడా మూసేసింది. ఈ చిక్కు గురించి కమిటీలు మాట్లాడగా నేను వినలేదు.

లంకల్లో చెల్లేది ఊరి కట్టుబాటు. అందుకే షరతులను చెరువు లీజుల వేలంపాటకు ముందు రామాలయం దగ్గర చదివి వినిపించాలని, తప్పినవాళ్ళు ఊరికి డిపాజిట్ పోగొట్టుకోవాలని పెద్దలు తీర్మానం చేశారు. మే మధ్య గడువు, వంతుల వారీ తోడకం అందులో చేరాయి. నల్లనీటిని పాడు చెరువుకు మళ్ళించే డీజిల్ లీజుదారు పెట్టాలా, సంఘం పెట్టాలా అన్నది తేలలేదు. వచ్చే పాటలో డిపాజిట్‌లోంచే డీజిల్ డబ్బు విడిగా తీసి పెట్టుకోమని చెప్పాను. లీజుదారులు పాట తగ్గించి పాడతారని సంఘం భయం. ఆ భయం నిజమే కావచ్చు.